తప్పా, క్లూనా? (క్రైమ్ సీరియల్‌ని పరీక్షగా చూడడం: నాలుగో పాఠం)

కిందటి పాఠంలో ఒక అభ్యాసం ఇచ్చాను. ఏదైనా క్రైమ్ సీరియల్‌లో ఒక ఎపిసోడ్ తీసుకుని, అందులో ఒకే ఒక్క వస్తువుని మొదటి నుంచి చివరిదాకా కళ్లతో వెంబడించమన్నాను. గ్లాసు కావచ్చు, కళ్లజోడు కావచ్చు, తలకి కట్టిన కట్టు కావచ్చు. కథ సంగతి కాసేపు వదిలెయ్యమన్నాను. ఆ పని చేసి ఉంటే ఈపాటికి మీ నోట్‌బుక్‌లో రెండు మూడు తేడాలైనా చేరి ఉంటాయి. చెయ్యకపోతే ముందు అది చేసి రండి. ఈ పాఠం ఆ తేడాల మీదే నడుస్తుంది.

తేడా పట్టుకోవడం మీకు వచ్చింది. పట్టుకున్నదాన్ని ఏ గాటన కట్టాలో ఈసారి నేర్చుకుందాం. ఇది ముందు పాఠాలకన్నా కష్టం.

కుటుంబ కథలో టేబుల్ మీది గ్లాసు కుడి నుంచి ఎడమకి మారితే ఎవరికీ నష్టం లేదు. క్రైమ్ కథలో అలా కుదరదు. ఇక్కడ దర్శకుడే మనల్ని పిలిచి, "ఈ గది జాగ్రత్తగా చూడండి, హంతకుడి ఆచూకీ ఇందులోనే ఉంది" అంటున్నాడు. ఆ మాట నమ్మి చూసినవాళ్లకి గ్లాసు మారిందంటే, మధ్యలో ఎవరో గదిలోకి వచ్చి వెళ్లారని అర్థం. వాళ్లు చివరిదాకా ఆ గ్లాసునే మనసులో పెట్టుకుని కూర్చుంటారు. తీరా అది రెండు టేకుల మధ్య ఎవరో తీసి తిరిగి పెట్టిన గ్లాసు అయితే, అందరికన్నా శ్రద్ధగా చూసినవాళ్లకే అన్యాయం జరిగింది. నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు అందుకే.

తేడాలు ఎలా పుడతాయి

సీన్లు కథ వరసలో తియ్యరని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. ఒక గదిలో జరిగే సీన్లన్నీ, అవి కథలో ఎక్కడ ఉన్నా సరే, ఒకేసారి తీసేస్తారు. ఒకే సీన్‌ని కూడా ముందు దూరం నుంచి ఒకసారి, తర్వాత ఒక్కొక్కరి ముఖం మీద విడివిడిగా మళ్లీ మళ్లీ తీస్తారు. తెర మీద రెండు నిమిషాల మాటలు సెట్‌లో మూడు గంటలు పట్టొచ్చు.

నేను ఒక సీరియల్‌కి కంటిన్యుటీ (ఒక షాట్‌లో ఉన్నది పక్క షాట్‌లోనూ అలాగే ఉండేలా రాసిపెట్టుకునే లెక్క) రాస్తున్న రోజుల్లో జరిగింది చెప్తాను. ఆసుపత్రి సీన్ ముందు తీశాం. దెబ్బ తగిలే సీన్ 11 రోజుల తర్వాత పడింది. నా పుస్తకంలో "కట్టు, ఎడమ కనుబొమ" అని శుభ్రంగా రాసుకున్నాను. దెబ్బ సీన్ రోజు అది చూసే మేకప్ వేశారు. ఎడిటింగ్‌లో రెండూ పక్కపక్కన పెడితే దెబ్బ ఒక కనుబొమకి, కట్టు ఇంకో కనుబొమకి. నేను రాసింది కెమెరా వైపు నుంచి చూసిన ఎడమ. మేకప్ వేసినవాళ్లు తీసుకున్నది నటుడి ఎడమ. ఎవరి ఎడమో రాయలేదు, తప్పంతా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి "నటుడి ఎడమ", "కెమెరా ఎడమ" అని పూర్తిగా రాయకుండా నేను ఒక్క పేజీ కూడా మూయలేదు. మీ నోట్సులో కూడా ఇవాళ్టి నుంచి అలాగే రాయండి. చూసేవాళ్లకీ ఇదే సమస్య వస్తుంది.

ఇక ఎడిటర్ సంగతి. తేడా ఉందని తెలిసీ ఆ షాట్ వాడుకోవడం చాలా మామూలు. వాల్టర్ మర్చ్ అనే ప్రసిద్ధ ఎడిటర్ ఒక కట్ మంచిదా కాదా తూచడానికి ఆరు కొలతలు పెట్టారు. నూటికి 51 పాళ్లు భావోద్వేగానికి, 23 కథకి, 10 లయకి ఇచ్చారు. గదిలో మనుషులు, వస్తువులు ఉన్నచోటే ఉన్నట్టు కుదరడం అన్నిటికన్నా చివర, 4 పాళ్లతో ఉంటుంది. నటుడు నిజంగా కన్నీళ్లు పెట్టుకున్న టేకులో కాలర్ మడత తేడాగా ఉంటే, ఆ టేకే వాడాలి. ఇందులో నాకూ రెండో మాట లేదు.

కానీ క్రైమ్ కథకి ఈ లెక్క యథాతథంగా సరిపోదని నా అభిప్రాయం. ఇక్కడ గ్లాసు ఎక్కడుందనేది ఉత్త వస్తువు సంగతి కాదు, అదే కథ కావచ్చు. అంటే ఆ గ్లాసు చివరి 4 పాళ్లలోంచి లేచి కథకి ఇచ్చిన 23 పాళ్లలోకి వచ్చి కూర్చుంటుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఇది గుర్తుపెట్టుకునేవాళ్లు తీసిన సీరియల్ చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

మన కళ్లని నమ్మొచ్చా

అంతగా నమ్మలేం. 1998లో డేనియల్ సైమన్స్, డేనియల్ లెవిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక మనిషి నడిచి వెళ్లేవాళ్లని ఆపి దారి అడుగుతాడు. వాళ్లు చెప్తుండగా ఇద్దరు ఒక పెద్ద తలుపు మోసుకుంటూ మధ్యలోంచి వెళ్తారు. ఆ తలుపు చాటున దారి అడిగే మనిషే మారిపోతాడు. తలుపు దాటాక ఎదురుగా ఉన్నది వేరే మనిషి అని దాదాపు సగం మంది గమనించనే లేదు.

తెర మీద ప్రతి కట్ అలాంటి తలుపే. అందుకే "మొత్తం చూస్తాను, ఏది మారినా పట్టేస్తాను" అనుకుంటే పని జరగదు. ఒకసారికి ఒకే వస్తువు అన్న మన పద్ధతికి కారణం ఇదే.

అభ్యాస సీన్

ఈ సీన్ పాఠం కోసం నేనే రాశాను. నెమ్మదిగా, రెండుసార్లు చదవండి.

మొదటి షాట్, దూరం నుంచి. చదువుకునే గది. కుర్చీలో ఒకాయన చనిపోయి ఉన్నాడు, తల టేబుల్ మీదికి వాలి ఉంది. ఆయన ఎడమ చేతికి వాచీ. చొక్కా జేబు ఆయన ఎడమవైపు. టేబుల్ మీద గ్లాసులో సగం నీళ్లు. గోడ గడియారంలో పన్నెండూ పది. ఇన్‌స్పెక్టర్ లోపలికి వస్తాడు.

రెండో షాట్, ఇన్‌స్పెక్టర్ ముఖం దగ్గరగా. "మొదట చూసిందెవరు?" అతని భుజం వెనక గోడ గడియారంలో పన్నెండూ నలభై.

మూడో షాట్, చనిపోయినాయన తమ్ముడి ముఖం. "నేనే సార్. పదిన్నరకి నాతో మాట్లాడాడు, బాగానే ఉన్నాడు."

నాలుగో షాట్, శవం దగ్గరగా. డాక్టర్ ముంజేయి పట్టుకుని ఎత్తితే మోచెయ్యి వంగదు, చెయ్యంతా కర్రలా లేస్తుంది. ఇప్పుడు వాచీ కుడి చేతికి ఉంది. జేబు కూడా కుడివైపే ఉంది. డాక్టర్ అంటాడు: "పోయి గంటన్నర అయ్యుంటుంది."

అయిదో షాట్, మళ్లీ దూరం నుంచి. గ్లాసు నిండా నీళ్లు. కిటికీ అద్దంలోంచి ఆకాశం నడిమధ్యన సన్నటి నెలవంక.

ఇక్కడ ఆగి, మీకు కనబడ్డ తేడాలు రాసుకున్నాకే కిందికి చదవండి.

గోడ గడియారం తేలిక. పది సెకన్ల మాటల్లో అరగంట గడవదు. సెట్‌లో గడియారం నడుస్తూ ఉంది, రెండో షాట్ అరగంట ఆలస్యంగా తీశారు. ఇది కంటిన్యుటీ తప్పు, ఇంకో మాట లేదు. సెట్‌లో పనిచేసేవాళ్లు గోడ గడియారానికి బ్యాటరీ తీసేసి, ముల్లు చేత్తో తిప్పుకుంటే ఈ గొడవ ఉండదు.

వాచీ దగ్గర చాలామంది తొందరపడతారు. చెయ్యి మారింది కాబట్టి ఎవరో తీసి మళ్లీ పెట్టారు, హంతకుడే అయ్యుంటాడు అనుకుంటారు. వాచీ పక్కన ఇంకేం మారిందో చూడండి. జేబు కూడా మారింది. చొక్కా జేబుని ఏ హంతకుడూ ఇటు నుంచి అటు మార్చలేడు. అంటే ఆ షాట్ మొత్తాన్ని ఎడిటర్ అద్దంలో బొమ్మలా తిప్పేశాడు. పాత్రలు చూసే దిక్కు పక్క షాట్‌తో కలవకపోతే అలా తిప్పడం మామూలే. తల పాపిడి, చొక్కా గుండీల వైపు, గోడ మీది అక్షరాలు, బుగ్గ మీది పుట్టుమచ్చ చూస్తే ఇది ఖాయంగా తేలిపోతుంది. అన్నీ కలిసి తిరగబడితే షాట్ తిప్పారు. వాచీ ఒక్కటే మారి మిగిలినవి ఎక్కడివక్కడే ఉంటే, అప్పుడు అనుమానించండి.

గ్లాసు అసలైన చిక్కు. చనిపోయినాయన నీళ్లు నింపుకోలేడు. టేకుల మధ్య నింపారా, కథలోనే ఎవరైనా నింపారా? ఈ ఒక్క సీన్ చూసి చెప్పలేం. నేను మూడు సంగతులు చూస్తాను. ఆ తేడా మీద కెమెరా ఎప్పుడైనా ప్రత్యేకంగా ఆగిందా? ఏ పాత్ర చూపైనా దాని మీద పడిందా? తర్వాతి సీన్లలో ఎవరైనా దాని ఊసెత్తారా? కథకుడు క్లూ అనుకున్నదాన్ని కనీసం ఒక్కసారైనా మన ముందు పెట్టి తీరాలి. లేకపోతే ఆఖర్న దాన్ని బయటపెట్టినప్పుడు ప్రేక్షకుడికి తీగ అందదు, డొంక కదలదు. అందుకే ఎపిసోడ్ పూర్తయ్యేదాకా గ్లాసు పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి. ఆ గుర్తుని తొందరపడి కొట్టెయ్యకపోవడమే ఇవాళ్టి పాఠంలో నేను మీకు ఇవ్వాలనుకున్న అలవాటు.

కర్రలా లేచిన చెయ్యి

నాలుగో షాట్‌లో డాక్టర్ మాట మీద కాసేపు ఉందాం. శవం చెప్పే టైము క్రైమ్ కథకి వెన్నెముక లాంటిది. ఎక్కువ తప్పులు దొర్లేది కూడా ఇక్కడే.

చనిపోయాక కండరాలు ముందు పూర్తిగా వదులవుతాయి. మామూలు వాతావరణంలో రెండు నుంచి నాలుగు గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది. కనురెప్పలు, దవడ, మెడ ముందు బిగుస్తాయి, తర్వాత చేతులు, కాళ్లు. ఒళ్లంతా కొయ్యబారడానికి 12 గంటల దాకా పట్టొచ్చు. ఇంచుమించు మరో 12 గంటలు అలా ఉండి, తర్వాత మళ్లీ సడలుతుంది. వేడి ఎక్కువుంటే, చనిపోయే ముందు పెనుగులాట జరిగితే ఇదంతా త్వరపడుతుంది. చలిలో నెమ్మదిస్తుంది.

ఇప్పుడు మన సీన్‌కి రండి. చెయ్యి మొత్తం కర్రలా లేచింది. పెనుగులాట గుర్తులు లేవు. గంటన్నరలో ఈ స్థితి రాదు. తమ్ముడేమో పదిన్నరకి మాట్లాడానంటున్నాడు. రెండే దారులున్నాయి. రాసినవాళ్లకి ఈ సంగతి తెలియక రాశారు, అది వాస్తవానికి సంబంధించిన తప్పు. లేదా డాక్టర్, తమ్ముడు ఇద్దరూ అబద్ధం చెప్తున్నారు, అది అద్భుతమైన క్లూ. ఎపిసోడ్ చివర ఇన్‌స్పెక్టర్ ఆ చేతిని గుర్తుచేసుకుని డాక్టర్‌ని నిలదీస్తే నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను. చేతి ఊసే లేకుండా కథ ముగిస్తే, తప్పుల పట్టికలో మొదటి వరస దానిదే.

ఇంకో సాక్ష్యం చర్మం మీద ఉంటుంది. గుండె ఆగాక రక్తం ఒంట్లో కింద ఉన్న భాగాల్లోకి దిగి, చర్మం మీద ఊదారంగు మచ్చలుగా కనబడుతుంది. మొదటి ఒకటి రెండు గంటల్లో మొదలై, సుమారు 8 నుంచి 12 గంటల్లో అక్కడే స్థిరపడుతుంది. ఆ తర్వాత శవాన్ని కదిపినా ఆ మచ్చలు కదలవు. కుర్చీలో కూర్చున్న శవానికి మచ్చలు కాళ్లలో, వేలాడే చేతుల్లో ఉండాలి. వీపు మీద ఉన్నాయంటే చనిపోయాక చాలాసేపు వెల్లకిలా పడుకోబెట్టి, తర్వాత కూర్చోబెట్టారన్నమాట. మేకప్ విభాగం ఇంత లోతుకి వెళ్లిన సీరియల్ కనబడితే దాన్ని వదలకుండా చూడండి.

ఒళ్లు చల్లబడే లెక్క కూడా ఉంది. గంటకి సుమారు ఒక సెల్సియస్ డిగ్రీ అనేది మోటు లెక్క. గది వేడి, బట్టలు, ఒళ్లు, గాలి అన్నీ దాన్ని మారుస్తాయి. అందుకే నిజం డాక్టర్ "పదకొండు నుంచి రెండు మధ్య" అన్నట్టు చెప్తాడు. శవాన్ని అలా ముట్టుకుని "పదకొండూ నలభై రెండుకి పోయాడు" అనే డాక్టర్ తెర మీద కనబడితే నోట్‌బుక్ తియ్యండి.

కిటికీలో నెలవంక

దీన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం చాలా ఇష్టమైన పరీక్ష ఇది, ఎందుకంటే దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు. పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళకి తూర్పున లేచి, అర్ధరాత్రికి ఆకాశంలో బాగా పైకి వస్తాడు. విదియ, తదియల సన్నటి నెలవంక పొద్దుగూకగానే పడమట కనబడి, రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. అమావాస్యకి ముందు వచ్చే సన్నటి వంక తెల్లవారుజామునే లేస్తుంది. అర్ధరాత్రి ఆకాశం నడిమధ్యన సన్నటి నెలవంక ఉండే వీల్లేదు. మన అయిదో షాట్‌లో అదొక అలంకారం, అంతే. అలంకారమే అయినా తప్పు తప్పే.

ఇది మరీ చాదస్తం అనిపిస్తే ఒక నిజమైన కేసు వినండి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1857 ఆగస్టు నెలాఖర్న రాత్రిపూట ఒక మనిషి మీద దాడి జరిగింది, దెబ్బలకి అతను చనిపోయాడు. తల పైన ఉన్న చంద్రుడి వెలుగులో అంతా స్పష్టంగా చూశానని ఒక సాక్షి చెప్పాడు. 1858లో విచారణ జరిగినప్పుడు ముద్దాయి తరఫు లాయరు కోర్టులో పంచాంగం తెరిచి, ఆ వేళకి చంద్రుడు అస్తమించబోతూ ఆకాశం అంచుకి దిగిపోయి ఉన్నాడని చూపించాడు. ముద్దాయి నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ లాయరు పేరు అబ్రహాం లింకన్. నిజం కోర్టులో ఒక ప్రాణాన్ని నిలబెట్టిన చంద్రుణ్ని తెర మీద ఇష్టమొచ్చినచోట తగిలించడం నాకు నచ్చదు.

త్వరగా చూడగలిగినవి

కొన్ని తప్పులు ఎన్నో సీరియల్స్‌లో ఒకే రకంగా వస్తాయి కాబట్టి వీటిని ఎక్కువ సాగదియ్యను. నేరుగా అతినీలలోహిత కాంతి వేస్తే రక్తం మెరవదు, నల్లగా కనబడుతుంది. నీలంగా వెలిగేది లూమినాల్ అనే రసాయనం చల్లినప్పుడు. అదీ చీకట్లో, అర నిమిషం పాటు. బ్లీచింగ్ ద్రావణం పడినచోట కూడా లూమినాల్ వెలుగుతుంది, కాబట్టి వెలిగిందల్లా రక్తం అనెయ్యడం తప్పు. తుపాకీ పేలుడు 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. సైలెన్సర్ అందులో 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. పక్క గదిలో పడుకున్నవాళ్లకి టెన్షన్ లేకుండా నిద్రపట్టేంత నిశ్శబ్దం రాదు. రివాల్వర్‌కి సైలెన్సర్ బిగిస్తే మరీ తప్పు, దాదాపు అన్ని రివాల్వర్లలోనూ సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి శబ్దం బయటికి వచ్చేస్తుంది. గ్లాక్ పిస్తోలు గురిపెట్టి బొటనవేలితో సుత్తి వెనక్కి లాగిన "క్లిక్" వినిపిస్తే అది సౌండ్ విభాగం పొరపాటు, ఆ పిస్తోలుకి బయట సుత్తే ఉండదు. క్లోరోఫాం గుడ్డ ముక్కుకి అడ్డం పెడితే రెండు సెకన్లలో మనిషి కూలిపోడు, నిమిషాల తరబడి పీల్చాలి. మానిటర్ మీద గీత తిన్నగా అయిపోయాక ఛాతీకి షాక్ ఇవ్వరు. ఆ స్థితికి షాక్ పనిచెయ్యదు.

పాత కాలం కథ అయితే ముందు ఏడాది చూడండి. 1975లో జరిగే కథలో డీఎన్‌ఏ రిపోర్టు వచ్చిందంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ ఆ పద్ధతి కనిపెట్టింది 1984లో. 1986లో ఇద్దరు అమ్మాయిల హత్య కేసులో పోలీసులు ఆయన సాయం అడిగారు. వాటిలో ఒక హత్య తానే చేశానని ఒప్పుకున్న కుర్రాడు నిర్దోషి అని మొదట తేలింది, అసలు దోషికి 1988లో శిక్ష పడింది. వేలిముద్రల సంగతి వేరు. 1892లోనే అర్జెంటీనాలో రక్తం అంటిన వేలిముద్ర ఆధారంగా హత్య కేసు తేల్చారు. కాబట్టి 1910 నాటి కథలో వేలిముద్ర కనబడితే తొందరపడి తప్పు అనకండి. తప్పు కానిదాన్ని తప్పనడం మన పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

వచ్చే పాఠానికి అభ్యాసం

మీ నోట్‌బుక్‌లో ఇప్పటిదాకా షాట్ నంబరు, టైము, వస్తువు, తేడా అని నాలుగు గళ్లున్నాయి. అయిదో గడి గీసి "తీర్పు" అని రాయండి. అందులో మూడింటిలో ఒకటే రాయాలి: కంటిన్యుటీ తప్పు, వాస్తవం తప్పు, ప్రశ్నార్థకం. ఎపిసోడ్ సగంలో ఉండగా ఆ గడి నింపకండి. చివరి పేర్లు పడ్డాక వెనక్కి వచ్చి నింపండి. ప్రశ్నార్థకం అలాగే మిగిలిపోతే మిగలనివ్వండి, వచ్చే ఎపిసోడ్‌లో దాని జవాబు ఉండొచ్చు.

ఈసారి గడియారాన్ని కానీ, గాయాన్ని కానీ వెంబడించండి. గాయం అయితే అది ఎవరి ఎడమో రాయండి. రంగు కూడా రాయండి. కమిలిన చోటు పసుపు పచ్చగా మారడానికి మామూలుగా కొన్ని రోజులు పడుతుంది. రాత్రి తగిలిన దెబ్బ తెల్లారేసరికి పసుపు తిరిగిందంటే దాన్ని ఏ గడిలో వెయ్యాలో ఇప్పుడు మీకు తెలుసు. అయిదో పాఠంలో ఫోన్ కాల్స్, సీసీటీవీ బొమ్మలు తీసుకుందాం. "లైన్‌లో ఇంకో నలభై సెకన్లు ఉంచండి" అనే సీన్ ఒకటి ముందే చూసి పెట్టుకోండి.